పాత పోలీసు కారు కొనొచ్చా?

ప్రశ్న: అన్నగారూ, నేను టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడ సిటీ బస్సులు లేవు. కారు లేకపోతే గ్రాసరీకి కూడా ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. మా దగ్గర్లో పాత కార్లు అమ్మే ఒక లాట్‌లో 2008 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా ఉంది. పోలీసులు వాడిన బండి. 1,12,000 మైళ్లు తిరిగింది, 3,900 డాలర్లు చెబుతున్నాడు. డ్రైవర్ పక్కన స్పాట్‌లైట్ కూడా అలాగే ఉంది. ‘అది ట్యాంకురా, ఏ యాక్సిడెంట్ అయినా మనకేం కాదు’ అని ఒక రూమ్మేట్ అంటాడు. ‘వెనక నుంచి గుద్దితే మంటలొస్తాయి, పోలీసులే చచ్చిపోయారు’ అని ఇంకొకడు భయపెడుతున్నాడు. మేలో నా గ్రాడ్యుయేషన్‌కి అమ్మానాన్న ఖమ్మం నుంచి వస్తున్నారు. వాళ్లను ఇందులోనే తిప్పాలని నా ప్లాన్. ఇండియాలో బైక్ తప్ప ఏమీ నడపలేదు, ఇక్కడ లైసెన్స్ వచ్చి కొన్ని నెలలే అయింది. కొనమంటారా? స్పాట్‌లైట్ ఉంచుకోవచ్చా?

సమాధానం:

తమ్ముడూ, సూటిగా చెప్పేస్తాను. నీ మొదటి కారుగా ఇది వద్దు. ఆ కారంటే పడనివాడి మాట కాదిది. నా దగ్గరా అలాంటిదే ఒకటి ఉంది, ఏళ్లుగా నడుపుతున్నాను, అమ్మే ఉద్దేశం కూడా లేదు. అందుకే దాని మంచీ చెడూ కాస్త వివరంగా రాస్తాను. అంతా చదివాక కూడా నీ మనసు దాని మీదే ఉంటే, ఏం చూసి కొనాలో కూడా ఇందులోనే ఉంటుంది.

మీ రూమ్మేట్స్ ఇద్దరూ చెరి సగం నిజం చెప్పారు. ట్యాంకు అన్నవాడు పూర్తిగా తప్పేం కాదు. లారీకి ఉన్నట్టు దీనికి కింద వేరే ఉక్కు ఫ్రేమ్, దాని మీద బాడీ. ముందు 4.6 లీటర్ల వీ8 ఇంజన్, నడిచేది వెనక చక్రాల మీద. 2004 నుంచి పోలీసు మోడల్‌కి 250 హార్స్‌పవర్. కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో తయారయ్యేది, చివరి బండి 2011 సెప్టెంబర్ 15న బయటికొచ్చింది. పోలీసు మోడల్‌కి ఇంజన్ ఆయిల్ కూలర్, పెద్ద ఆల్టర్నేటర్, గట్టి సస్పెన్షన్ అదనం. దాదాపు రెండు టన్నుల బరువు. ఎదురుగా గుద్దుకునే ప్రభుత్వ పరీక్షలో అయిదు స్టార్లు తెచ్చుకుంది. రోజంతా గుంతల్లో తిప్పినా ఓర్చుకుంటుంది. ఇదంతా నిజమే. కానీ దెబ్బ ఎటు నుంచి తగులుతుందన్నది మనం ఎంచుకునేది కాదు కదా.

ఇక మంటల సంగతి. అది పుకారు కాదు. ఈ కారులో పెట్రోల్ ట్యాంకు వెనక యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి) వెనక, డిక్కీకి ముందు, నిలువుగా నిలబడి ఉంటుంది. ఇప్పుడొచ్చే కార్లలో చాలావాటికి ట్యాంకు వెనక సీటు కింద, యాక్సిల్‌కి ముందు ఉంటుంది. అందువల్ల వెనక నుంచి తగిలిన దెబ్బ దాని దాకా రావడం కష్టం. క్రౌన్ విక్టోరియాని హైవే స్పీడులో ఎవరైనా వెనక నుంచి గుద్దితే డిక్కీ నలిగి, ట్యాంకును యాక్సిల్ మీదికి నెట్టేస్తుంది. అక్కడున్న బోల్టు తలలు, బ్రాకెట్ల అంచులు ట్యాంకును చీల్చగలవు. డిక్కీలో జాకీ, పనిముట్ల లాంటివి ఉంటే అవి అటువైపు నుంచి పొడుస్తాయి. రెండు వైపులా ఇనుము, మధ్యలో పెట్రోలు.

2001 మార్చిలో ఫీనిక్స్‌లో ఒక పోలీసు అధికారి నడుపుతున్న క్రౌన్ విక్టోరియాని అతివేగంగా వచ్చిన ట్యాక్సీ వెనక నుంచి గుద్దింది. కారు అంటుకుంది. ఆయన ముఖం, చేతులు తీవ్రంగా కాలిపోయినా బతికి బయటపడ్డాడు. అదే అరిజోనాలో అంతకుముందు కొన్నేళ్లలో ఇలాంటి మంటల్లోనే పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. గొడవ పెద్దదై, అప్పటి అరిజోనా అటార్నీ జనరల్ జానెట్ నపొలిటానో ఫోర్డ్‌తో మాట్లాడాక, 2002లో పోలీసు కార్లకు ట్యాంకు చుట్టూ ప్లాస్టిక్ కవచాలు ఉచితంగా బిగించడానికి కంపెనీ ఒప్పుకుంది. యాక్సిల్ వైపు పదునుగా ఉండే భాగాలు ట్యాంకుకు నేరుగా తగలకుండా చేసేవి అవి. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తన దర్యాప్తును ముగించింది. కారు అప్పటి ప్రమాణానికి తగ్గట్టే ఉందని, రీకాల్, అంటే కార్లను వెనక్కి పిలిచి బాగుచేయడం, అక్కర్లేదని తేల్చింది. అప్పటి ప్రమాణం ఏంటంటే వెనక నుంచి గంటకు 30 మైళ్ల వేగంతో దెబ్బ. పోలీసులు కాలిపోయింది హైవే వేగాల్లో. ఆ ప్రమాణాన్ని తర్వాత 50 మైళ్లకు పెంచారు. ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టే, నడుమ కాలిపోయినవాళ్లు మాత్రం కాలిపోయారు. ఆ తర్వాత 2005 మోడల్ నుంచి పోలీసు కార్లకు మంటలార్పే సిస్టమ్‌ని కూడా ఫోర్డ్ ఆప్షన్‌గా ఇచ్చింది. నువ్వు చూసిన బండిలో అది ఉన్నా సరే, ఇన్నేళ్ల పాతదాని మీద నమ్మకం పెట్టుకోకు.

మరి భయపడాలా? ఇక్కడే చాలామంది ఆలోచన పక్కదారి పడుతుంది. పోలీసు కార్లలో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించడానికి ట్యాంకు ఒక్కటే కారణం కాదు. వాళ్లు రోజూ హైవే షోల్డర్‌లో, అంటే రోడ్డు అంచున బండ్లు ఆపుకునే చోట, 70 మైళ్ల వేగంతో పోయే బండ్ల పక్కన, కారు ఆపుకుని కూర్చుంటారు. అది వాళ్ల ఉద్యోగం. అదే కారులో మామూలుగా కాలేజీకి వెళ్లొచ్చేవాడు ఆ చోట ఉండడు. కాబట్టి ‘నాకేం, నేను పోలీసుని కాదు కదా’ అనుకోవచ్చు. అయితే పదిహేనేళ్లు దాటిన కారు హైవే మీద ఆగిపోయిందనుకో, ఆ క్షణం నుంచి నువ్వు సరిగ్గా అదే చోట ఉన్నట్టు. షోల్డర్‌లో ఆగి ఉన్న క్రౌన్ విక్టోరియా, వెనక హైవే ట్రాఫిక్. పాత పోలీసు కారులో నాకు ట్యాంకు కంటే పెద్ద భయం దారిలో ఆగిపోవడమే. అందుకే నా బండిలో బ్యాటరీ, బెల్టు, కూలెంట్ గొట్టాలు పాడయ్యే దాకా ఆగను, ముందే మార్పిస్తాను. ఎప్పుడైనా ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచి దిగి, రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడి టో ట్రక్కుకి ఫోన్ చెయ్యి. ఏసీ ఉంది కదా అని లోపల కూర్చోకు. ఇది ఏ కారుకైనా వర్తించే మాటే, ఈ కారుకి ఇంకొంచెం ఎక్కువ.

డిక్కీ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. బరువైనవి, మొనదేలినవి ట్యాంకు వైపు మొన ఉండేలా పెట్టొద్దు. పొడవాటి సామాను అడ్డంగా పడుకోబెట్టు. జాకీని, పానాల పెట్టెను లూజుగా వదలొద్దు. ఇండియా స్టోర్ నుంచి తెచ్చే బియ్యం బస్తాలతో ఇబ్బందేం లేదులే.

మంటల గురించి ఇంతసేపు చెప్పాను గానీ, మీ అమ్మానాన్నల సంగతి వచ్చేసరికి నా ఆలోచన వెనక తలుపుల మీదికి పోతుంది. పోలీసు కార్లలో వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోకుండా చేస్తారు. హ్యాండిల్ ఉంటుంది, లాగితే ఏమీ జరగదు. అద్దాలు కూడా డ్రైవర్ దించితేనే దిగుతాయి. దొంగ పారిపోకుండా చేసిన ఏర్పాటు అది. వెనక కూర్చున్నది మీ అమ్మ అయితే, యాక్సిడెంట్ జరిగి నువ్వు ముందు సీట్లో స్పృహ తప్పి ఉంటే, ఆమెకి బయటపడే దారి లేదు. మామూలు పిల్లల లాక్‌లాగా చిన్న మీట తిప్పితే సరిపోయే పని కాదిది. తలుపు లోపలి ప్యానెల్ విప్పి, హ్యాండిల్ నుంచి లాక్ దాకా వెళ్లే కడ్డీని తిరిగి తగిలించాలి. కొన్ని బండ్లలో ఆ కడ్డీయే ఉండదు, కొత్తది వేయాలి. మెకానిక్‌కి పెద్ద పనేం కాదు. కానీ లాట్‌లో చూసినప్పుడే వెనక కూర్చుని, తలుపులు వేయించుకుని, రెండు వైపులా నువ్వే తెరిచి చూడు. తెరుచుకోకపోతే అది బాగయ్యే దాకా వెనక ఎవరినీ ఎక్కించకు.

ముందు సీట్లకూ వెనక సీటుకూ మధ్య ఇనుప జాలీ ఇంకా ఉంటే తీయించెయ్. చిన్న గుద్దుకే తల దానికి కొట్టుకుంటుంది. తీసేసినా దాన్ని పట్టుకున్న బ్రాకెట్లు, బోల్టులు పదునుగా మిగిలిపోతాయి, చేత్తో తడిమి చూసుకో. ఇంకో సంగతి. వెనక కూర్చున్నవాళ్లకు పక్క నుంచి కాపాడే ఎయిర్‌బ్యాగ్ ఈ కారులో లేదు. అద్దాల మీదుగా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు క్రౌన్ విక్టోరియాకి ఎప్పుడూ రాలేదు. ముందు సీట్లకు పక్క ఎయిర్‌బ్యాగులు చాలా ఏళ్లు ఆప్షన్ మాత్రమే, అన్ని పోలీసు బండ్లలోనూ ఉండవు. నాలుగు రోడ్ల కూడలిలో ఎవడో రెడ్ లైట్ దాటి పక్క నుంచి వచ్చి కొడితే నీ ‘ట్యాంకు’ చేసేది అంతంత మాత్రం.

పోలీసు బండి అమ్మేముందు లైట్లు, సైరన్, రేడియో, కంప్యూటర్ అన్నీ పీకేస్తారు. పీకేది జాగ్రత్తగా కాదు, త్వరగా. వైర్లు కత్తిరించి టేపు చుట్టి వదిలేస్తారు. ఒక్కోసారి ఆ టేపు కూడా ఉండదు. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం, డాష్‌బోర్డు లైట్లు తిక్కగా వెలగడం, ఎక్కడో కాలిన వాసన, అన్నీ ఆ తెగిన వైర్ల పుణ్యమే. రూఫ్ మీద, డిక్కీ మీద యాంటెనా పెట్టిన రంధ్రాలుంటాయి. వాటిలోంచి వాన నీళ్లు దిగి కార్పెట్ కింద నిలుస్తాయి. రంధ్రాలంటే వాన ఒక్కటే కాదు. 2017లో మీ టెక్సస్‌లోనే, ఆస్టిన్ పోలీసు శాఖ కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తోందని దాదాపు 400 ఫోర్డ్ పోలీసు ఎస్‌యూవీలను రోడ్డు మీద నుంచి తీసేసింది. లైట్లూ రేడియోలూ బిగించడానికి వెనక భాగంలో వేసిన రంధ్రాలను సరిగ్గా మూయకపోవడం దానికొక కారణమని ఫోర్డ్ చెప్పింది. అది వేరే మోడల్, నిజమే. కానీ సైలెన్సర్ గొట్టం లీకై, డిక్కీలో మూయని రంధ్రం ఉంటే ఏ కారులోనైనా పొగ లోపలికే వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. డిక్కీలో మ్యాట్ ఎత్తి, టార్చి వేసి చూడు. కనిపించిన ప్రతి రంధ్రానికీ రబ్బరు బిరడా కొట్టించు.

రెండు చిన్న విషయాలు. నీకు మాత్రం చిన్నవి కావు. ఒకటి, వెనక సీటు. చేతులకు బేడీలున్న మనిషి జేబులోని మత్తుమందు పొట్లాన్నో సూదినో సీటు సందులోకి తోసేయడం అక్కడ మామూలు. అందుకే పోలీసులు ఎవరినైనా దించగానే సీటు ఎత్తి చూసుకుంటారు. వాళ్లు చూసినా సరే, కొన్న రోజే మందపాటి గ్లవ్స్ వేసుకుని సీటు పైకెత్తి శుభ్రం చెయ్యి. ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడి కారులో అలాంటిది దొరికితే ‘అది నాది కాదు సార్’ అని చెప్పుకోవడం ఎంత కష్టమో ఊహించుకో. రెండోది, తాళం. పోలీసు శాఖలు ఒకే తాళంచెవి మొత్తం బండ్లన్నిటికీ పనిచేసేలా ఆర్డరిచ్చేవి. ఆ తాళంచెవులు ఆన్‌లైన్‌లో అమ్ముతారు కూడా. చాలా బండ్లలో చిప్ ఉన్న తాళం కూడా ఉండదు. తలుపులకూ ఇగ్నిషన్‌కూ తాళాలు మార్పించుకోకపోతే ఎవడైనా వచ్చి నీ కారులో దర్జాగా వెళ్లిపోవచ్చు.

1,12,000 మైళ్లు అని చూసి సంబరపడుతున్నావేమో. పోలీసు కారు మైలు మీటర్ సగం కథే చెబుతుంది. ఏసీ, లైట్లు, కంప్యూటర్ నడవాలి కాబట్టి ఇంజన్ ఆపకుండా గంటల తరబడి నిలబెడతారు. గంటసేపు ఊరికే నిలబడి ఇంజన్ ఆడితే దాదాపు 33 మైళ్లు నడిచినంత అరుగుదల అని ఫోర్డ్ లెక్క. 2000ల చివరి పోలీసు మోడళ్లలో ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో కూడా మీటర్ చూపిస్తుంది. అది చూపించమని అడుగు. ఉదాహరణకు 7,000 గంటలు ఉందనుకో. మైళ్లను గంటలతో భాగిస్తే సగటు వేగం 16 మైళ్లు. అంటే చాలా సమయం నిలబడే ఉంది. నడిచినప్పుడు సగటున 35 మైళ్ల వేగం అనుకుంటే 1,12,000 మైళ్లకు 3,200 గంటలు చాలు. మిగతా 3,800 గంటలు నిలబడి ఆడినవే. వాటిని 33తో హెచ్చిస్తే ఇంకో 1,25,400 మైళ్లు. ఇంజన్ వరకు ఆ బండి వయసు 2,37,000 మైళ్ల పైమాటే. అలాగని బండి పనికిరాదని కాదు. ఆ వీ8 మొండిది, సమయానికి ఆయిల్ మారిస్తే ఇంకా నడుస్తుంది. నిలబడిన గంటలు చక్రాలనూ బ్రేకులనూ అరగదీయవు కూడా. అమ్మేవాడు మైళ్ల ధర అడుగుతున్నాడు, నువ్వు గంటల ధర ఇవ్వాలి, అంతే తేడా.

ప్రాణం మీదికి తెచ్చేవి ఇంకా ఉన్నాయి. 2013లో ఫోర్డ్ 2005 నుంచి 2011 దాకా వచ్చిన క్రౌన్ విక్టోరియా, గ్రాండ్ మార్క్విస్, టౌన్ కార్ మోడళ్ల బండ్లను దాదాపు 3,70,000 రీకాల్ చేసింది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల స్టీరింగ్ కింది షాఫ్ట్ తుప్పు పట్టి, చేతిలో స్టీరింగ్ ఉన్నా చక్రం తిరగని పరిస్థితి రావచ్చని. ఆ రీకాల్ ఉప్పు చల్లే రాష్ట్రాల బండ్లకే. వేలంలో ఒహాయో పోలీసు బండిని కొని టెక్సస్‌కి తెచ్చి అమ్మేవాళ్లకు కొదవ లేదు. కాబట్టి ఈ బండి ఏ ఊరి పోలీసులదో ముందు తేల్చుకో. కింద తుప్పు కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి తిరుగు. 2003-05 బండ్లలో హెడ్‌లైట్ల మాడ్యూల్ చెడి రాత్రిపూట నడుస్తుండగానే లైట్లు ఆరిపోయే జబ్బు ఉంది. నీది 2008, అయినా హెడ్‌లైట్లు వేసి ఇంజన్ వేడెక్కే దాకా ఉంచి చూడు. టైర్లు పోలీసు వేగానికి తగిన రేటింగ్‌వి ఉండాలి. లాట్ వాళ్లు నాలుగు చవక టైర్లు వేసి తళతళ మెరిపిస్తారు. స్పీడ్ లిమిటర్ తీసేయిస్తానని ఎవడైనా హుషారెక్కిస్తే దండం పెట్టెయ్. వెనక యాక్సిల్‌కి శక్తినిచ్చే పొడవాటి షాఫ్ట్ ఆ వేగం దాటితే ఓర్చుకోలేదని పెట్టిన హద్దు అది.

నీకు వద్దనడానికి నా అసలు కారణం ఇంకోటి. ఈ కారులో ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేదు. జారుతున్న కారును విడివిడి చక్రాలకు బ్రేకు వేసి దారిలోకి తెచ్చే ఏర్పాటు అది. 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. క్రౌన్ విక్టోరియాకి ఎప్పుడూ రాలేదు. వెనక చక్రాల బండి, వీ8 ఇంజన్, తడి రోడ్డు, కొత్త డ్రైవర్, ఈ నాలుగూ ఒక్కచోట కలిస్తే మలుపులో వెనక భాగం ఒక్కసారి పక్కకు జారుతుంది. పోలీసులకు దాన్ని పట్టుకోవడం నేర్పిస్తారు, నీకూ నాకూ ఎవరూ నేర్పలేదు. మీ పక్క ఊరు ఫోర్ట్‌వర్త్‌లోనే 2021 ఫిబ్రవరి 11న మంచు పేరుకున్న ఐ-35 వెస్ట్ హైవే మీద 130కి పైగా బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. ఆ రోజు స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లు కూడా ఆగలేకపోయాయి. టెక్సస్‌లో ఐస్ పడదులే అనుకోవద్దని చెప్పడానికే ఆ మాట. నా బండి అలాంటి రోజు గరాజ్ దాటదు. నీకు ఇంకో కారు లేదు, పరీక్ష మాత్రం ఉంటుంది.

రోడ్డు మీద ఇంకో తమాషా ఉంది. నువ్వు వెనక నుంచి వస్తుంటే ముందు బండివాడు అద్దంలో చూసి పోలీసనుకుని టక్కున బ్రేకు కొడతాడు. ఎడమ లేన్‌లో 75లో పోయేవాడు ఒక్కసారిగా 60కి పడిపోతాడు. మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత విసుగు, వానలో భయం. ఎప్పుడూ దూరం పాటించాల్సిందే.

స్పాట్‌లైట్ ఉంచుకోవచ్చు. టెక్సస్‌లో అది నేరం కాదు. ఎదుటివాడి అద్దం మీదికి కొట్టడం మాత్రం తప్పు. ఎరుపు, నీలం లైట్లు ఏమైనా మిగిలి ఉంటే, ఊరి పేరో నంబరో స్టిక్కర్ల మచ్చలుంటే కొనే ముందే తీయించు. ఇక సరదాకైనా ఎవరినీ పక్కకు ఆపించే వేషాలు వేయకండి. పోలీసునని నమ్మించి ఎవరినైనా తన మాట వినేలా చేయడం టెక్సస్‌లో మూడో డిగ్రీ ఫెలొనీ, అంటే పెద్ద నేరం, రెండు నుంచి పదేళ్ల జైలు. కారులో నలుగురు కుర్రాళ్లు, శనివారం రాత్రి, పక్కన స్పాట్‌లైట్. నాకు టెన్షన్ అక్కడే. నేనైతే దాన్ని పీకించేస్తాను.

ఖర్చు మాట ఒక్క ముక్కలో: సిటీలో గ్యాలన్‌కి 14 నుంచి 16 మైళ్లు. మిగతా పోలీసు సెడాన్ల జోలికి కూడా ఇప్పుడు పోకు. 2006-10 డాడ్జ్ చార్జర్లలో టకాటా కంపెనీ తయారుచేసిన లోపాల ఎయిర్‌బ్యాగ్‌ని మార్చకపోతే అసలు నడపొద్దని 2022 నవంబర్‌లో డాడ్జ్ కంపెనీయే చెప్పింది. 2013 తర్వాతి ఫోర్డ్ టారస్ పోలీసు బండ్లలో స్టెబిలిటీ కంట్రోల్ ఉంది, కానీ వాటర్ పంప్ ఇంజన్ లోపల ఉంటుంది. అది పోయిందంటే కూలెంట్ ఆయిల్‌లో కలిసి ఇంజన్ మొత్తానికే ఎసరు. షెవర్లే కెప్రీస్ పోలీసు బండి ఆస్ట్రేలియా నుంచి వచ్చింది, ఆ ఫ్యాక్టరీయే మూతపడింది, స్పేర్ పార్టులకు వెతుకులాటే.

నా మాట వింటే ఇంకో వెయ్యో రెండు వేలో పోగేసుకుని 2012 లేదా ఆ తర్వాతి మామూలు సెడాన్ చూసుకో. కొంచెం గీతలున్నా పర్లేదు. అమ్మానాన్న వచ్చే వారానికి మంచి కారు అద్దెకు తీసుకున్నా సరిపోతుంది.

కాదు, అదే కావాలంటే మాత్రం ఇలా చెయ్యి. ముందు విన్ నంబర్, అంటే ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్, తీసుకో. అయిదు, ఆరు, ఏడు స్థానాల్లో పీ71 అని ఉంటే అది నిజంగా పోలీసు మోడల్. ఆ నంబర్‌ని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే చేయని రీకాల్స్ కనిపిస్తాయి. టైటిల్ హిస్టరీలో, అంటే బండి ఎప్పుడు ఎవరి పేరు మీద ఉందో చెప్పే రికార్డులో, మధ్యలో ట్యాక్సీగా తిరిగిందేమో చూడు. పోలీసుల తర్వాత ట్యాక్సీ కంపెనీలు వాడి అమ్మినవి చాలా ఉన్నాయి, అవి వద్దు. డిటెక్టివులో ఆఫీసర్లో వాడిన, జాలీ లేని, వెనక గుడ్డ సీటున్న బండి అయితే మేలు. ఏ నగరానిదో తెలిస్తే ఆ సిటీకి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద ఈమెయిల్ పెట్టి సర్వీస్ రికార్డులు అడగొచ్చు. మన దగ్గర ఆర్‌టీఐ లాంటిదే. మన ఆఫీసుల్లో కండెం చేసిన జీపు చరిత్ర ఎవరికీ తెలియదు గానీ, ఇక్కడ ఏ నెలలో ఏ బ్రేకు ప్యాడ్ మార్చారో కూడా రాసి ఉంటుంది. మామూలు సెకండ్ హ్యాండ్ కారుకి దొరకని సదుపాయం ఇది. కొనేవాళ్లలో వాడుకునేది ఏ కొద్దిమందో.

ఆ తర్వాత లాట్‌తో సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించు. వందా రెండొందల డాలర్లు అవుతుంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. మీ టారెంట్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రమే మిగిలింది. అంటే ఆ బండి బ్రేకులు, స్టీరింగ్ బాగున్నాయో లేదో చూసే మనిషి నువ్వు పిలిచినవాడే, ఇంకెవరూ లేరు. ట్యాంకు కవచాలు ఉన్నాయా, స్టీరింగ్ షాఫ్ట్ ఎలా ఉంది, బాల్ జాయింట్లు, సైలెన్సర్ లీకు, ఈ నాలుగూ పేరు పెట్టి అడుగు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడానికి లాట్‌వాడు ఒప్పుకోకపోతే అక్కడితో సరి.

శనివారం వెళ్లాలనుకుంటే ఈలోపు విన్ నంబర్ ఫొటో, గంటల మీటర్ ఫొటో నాకు పంపు, చూసి చెబుతాను. అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.